లాటినో అంటే ఎవరు? ఎవర్ని అలా అనొచ్చు, ఎవర్ని అనకూడదు: అమెరికాలో ఉన్న మనోళ్ళ కోసం ఒక గైడ్

అమెరికా వచ్చిన మనోళ్ళలో చాలామంది లెక్క చాలా సింపుల్. స్పానిష్ మాట్లాడితే మెక్సికన్, అంతే. ఇంటి రూఫ్ వేసేవాళ్ళు మెక్సికన్, రెస్టారెంట్ కిచెన్‌లో ఉన్నోడు మెక్సికన్, డేకేర్‌లో పిల్లల్ని చూసుకునే ఆవిడ మెక్సికన్, చివరికి టీవీలో పాడుతున్న ప్యూర్టో రికో కుర్రాడు కూడా మెక్సికనే. అదే ఢిల్లీ వాడెవడో మనల్ని మద్రాసీ అంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తాం. ఇంకొంతమంది కొంచెం జాగ్రత్తగా లాటినో అంటారు గానీ దానికీ హిస్పానిక్‌కీ తేడా అడిగితే నీళ్ళు నములుతారు. ఆఫీసు ఫారంలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు నో కొట్టి ముందుకెళ్ళిపోతారు, అసలు అది ఎందుకు అడుగుతున్నారో పట్టించుకోరు. అందుకే ఈ మాట ఎవరికి వర్తిస్తుంది, ఎక్కడ తిరకాసు ఉంది, మాట్లాడేటప్పుడు ఏది వాడితే బావుంటుంది అనేది నాకు తెలిసినంత వరకు ఒకచోట రాస్తున్నా.

ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి

మొదటి ప్రశ్న, ఈ మనిషి కుటుంబం మూలాలు లాటిన్ అమెరికాలో ఉన్నాయా? లాటిన్ అమెరికా అంటే పైన మెక్సికో నుంచి కింద అర్జెంటీనా, చిలీ కొస దాకా, మధ్యలో గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడోర్ లాంటి సెంట్రల్ అమెరికా దేశాలు, పక్కన క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, ప్యూర్టో రికో లాంటి కరీబియన్ దీవులు. సమాధానం అవును అయితే లాటినో, ఆడవాళ్ళయితే లాటినా.

రెండో ప్రశ్న, ఆ మూలాలు స్పానిష్ భాష ఉన్న దేశానివా? అవును అయితే హిస్పానిక్. చాలామందికి రెండిటికీ జవాబు అవునే వస్తుంది, మెక్సికో వాళ్ళు, కొలంబియా వాళ్ళు, పెరూ వాళ్ళు అందరూ రెండూ. అందుకే గవర్నమెంట్ కూడా రెండూ కలిపి ఒకే బాక్స్‌లో పెట్టేసింది. మొదటిది నేల గురించి, రెండోది భాష గురించి అని గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. ఇంకో సంగతి, ఈ రెండు ప్రశ్నల్లో ఒంటి రంగు గురించి ఏమీ లేదు, వీసా గురించీ ఏమీ లేదు, మతం గురించి అసలే లేదు.

తిరకాసు కేసులు

స్పెయిన్ తీసుకోండి. పెనెలొపె క్రూజ్, ఆంటోనియో బాండెరాస్ ఇద్దరూ స్పెయిన్ వాళ్ళు, యూరోపియన్లు. స్పానిష్ ఉంది కాబట్టి హిస్పానిక్ కిందకి వస్తారు గానీ లాటిన్ అమెరికాతో సంబంధం లేదు కాబట్టి లాటినో కాదు. హాలీవుడ్ మాత్రం ఇద్దర్నీ లాటినో ఖాతాలోనే వేసేస్తుంది, అది వేరే కథ.

బ్రెజిల్ దీనికి సరిగ్గా రివర్స్. వాళ్ళది పోర్చుగీస్, స్పానిష్ కాదు, కాబట్టి లాటినో అవుతారు, హిస్పానిక్ కారు. పెలే లాటినో, హిస్పానిక్ కాదు. ఇక్కడ ఒక తమాషా జరిగింది. అమెరికా సెన్సస్ బ్యూరో లెక్క ప్రకారం బ్రెజిల్ వాళ్ళు హిస్పానిక్ బాక్స్‌లోకి రారు, ఎవరైనా ఆ బాక్స్ కొట్టి పక్కన బ్రెజిలియన్ అని రాస్తే ఆఫీసులో డేటా సరిచేసేటప్పుడు దాన్ని తీసేస్తారు. ఆ బ్యూరో ఏటా చేసే సర్వేలో 2020లో ఆ సరిచేసే పనిలో పొరపాటు దొర్లింది, దాంతో 4 లక్షల 16 వేల మంది బ్రెజిలియన్లు హిస్పానిక్ ఆర్ లాటినో అని లెక్కలో వచ్చేశారు, ముందు ఏడాది ఆ సంఖ్య 14 వేలు. అంటే గవర్నమెంట్ ఎన్నేళ్ళుగా కొట్టేస్తున్నా జనం మాత్రం మేము లాటినోలమే అని టిక్ పెడుతూనే ఉన్నారన్నమాట. ఇటు బ్రెజిల్ లోపల ఉండే చాలామందికేమో మేం బ్రెజిలియన్లం అనే తప్ప లాటినో అనే ఫీలింగ్ పెద్దగా ఉండదు, అమెరికా వచ్చాకే ఆ పేరు తగులుకుంటుంది.

పేరు చూసి డిసైడ్ అవ్వకండి, ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడేది. ఫిలిప్పీన్స్ వాళ్ళ ఇంటిపేర్లు శాంటోస్, రెయెస్, క్రూజ్ అని ఉంటాయి, ఎందుకంటే 1565 నుంచి 1898 దాకా అక్కడ స్పెయిన్ పాలనే. అయినా వాళ్ళు ఏషియన్ కింద లెక్క. మన గోవా వాళ్ళు డిసౌజా, ఫెర్నాండెజ్ అన్నా అంతే, పోర్చుగీస్ పేరు వచ్చింది గానీ మనిషి కొంకణ్ మనిషి.

గయానా ఇంకా విచిత్రం. మ్యాప్‌లో చూస్తే పక్కా సౌత్ అమెరికా, వెనెజువెలా పక్కనే. కానీ బ్రిటిష్ వాళ్ళ కాలనీ, ఇంగ్లీష్ మాట్లాడతారు, జనాభాలో పదిమందికి నలుగురు మన ఇండియా మూలాలున్న వాళ్ళు. 1838 నుంచి చెరకు తోటల్లో కూలీ పనికి ఓడల్లో తీసుకెళ్ళారు, ఎక్కువమంది కలకత్తా నుంచి వెళ్ళినా మద్రాసు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళు కూడా ఉన్నారు, అక్కడ వీళ్ళందరికీ కలిపి పెట్టిన పేరు మద్రాసీలే! న్యూయార్క్‌లో క్వీన్స్ వైపు రిచ్‌మండ్ హిల్ వెళ్తే వీళ్ళ గుళ్ళు, షాపులు వీధంతా కనిపిస్తాయి. సౌత్ అమెరికా నుంచి వచ్చినా వీళ్ళని ఎవరూ లాటినో అనరు, వాళ్ళూ అనుకోరు. డచ్ మాట్లాడే సురినామ్ కూడా ఇదే బాపతు.

హైటీ దగ్గరికి వచ్చేసరికి వాదన మొదలవుతుంది. ఫ్రెంచ్ కూడా లాటిన్ నుంచి పుట్టిన భాషే కదా, 1804లో ఆ ప్రాంతంలో అందరికంటే ముందు స్వతంత్రం తెచ్చుకున్న దేశం అదే కదా, మరి మేమెందుకు కాదు అని అడిగే హైటీ వాళ్ళున్నారు, అసలు లాటిన్ అమెరికా అనే పేరే 1850లలో వాడుకలోకి వచ్చి, మెక్సికోలో వేలు పెట్టాలని చూసిన మూడో నెపోలియన్ కాలపు ఫ్రెంచ్ వాళ్ళకి బాగా కలిసొచ్చిన పేరు. లాజిక్ ప్రకారం వాళ్ళు చెప్పేది కరెక్టే. కానీ అమెరికాలో వాడుకలో మాత్రం హైటీ వాళ్ళని ఎక్కువగా లాటినోల్లో కలపరు. ఇలాంటి చోట మీరు జడ్జిగా కూర్చోకండి, ఆ మనిషి తనని తాను ఏమనుకుంటే అదే.

రంగు చూసి లాటినో అనుకోవడం మానేయాలి

మన బుర్రలో ఒక బొమ్మ ఉంటుంది, గోధుమ రంగు, నల్ల జుట్టు, దాదాపు మనలాగే. మనల్ని కూడా అందుకే షాపుల్లో స్పానిష్‌లో పలకరిస్తుంటారు. ఆ బొమ్మకి సరిపోయేవాళ్ళు కోట్లలో ఉన్నమాట నిజమే గానీ అది మొత్తం సినిమా కాదు. మెస్సీ వాళ్ళ పూర్వీకులు ఇటలీ నుంచి అర్జెంటీనా వచ్చినవాళ్ళు, పోప్ ఫ్రాన్సిస్ కుటుంబమూ అంతే. హాలీవుడ్ నటి జోయీ సల్దానాకి డొమినికన్, ప్యూర్టో రికో మూలాలు, ఆమె నల్లజాతి మనిషి, లాటినా కూడా, రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సిన పనేం లేదు. షకీరా వాళ్ళ నాన్నగారి వైపు లెబనాన్. పెరూకి 1990 నుంచి 2000 దాకా ప్రెసిడెంట్‌గా చేసిన అల్బెర్టో ఫుజిమోరి జపాన్ నుంచి వలస వచ్చిన దంపతుల కొడుకు. బ్రెజిల్‌కి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు దాదాపు 50 లక్షల మంది, అమెరికాకి తెచ్చినవాళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాలిఫోర్నియా మెక్సికో చేతిలో ఉన్నప్పుడు చివరి గవర్నర్ పియో పికో, ఆయనలో కూడా ఆఫ్రికన్ రక్తం ఉంది, లాస్ ఏంజెలెస్‌లో పికో బౌలేవార్డ్ మీద డ్రైవ్ చేసే ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు డౌటే.

ఇక అక్కడి ఆదివాసుల మాట. గ్వాటెమాలా కొండల నుంచి వచ్చే మాయా జనంలో చాలామందికి స్పానిష్ రెండో భాష, కొందరికి సరిగా రాదు కూడా. వాళ్ళ ఇంట్లో మాట్లాడేది మామ్, కిచె, కంజోబాల్ లాంటి భాషలు. అమెరికా ఇమిగ్రేషన్ కోర్టుల్లో ఈ భాషలకి ఇంటర్‌ప్రెటర్లు కావాల్సి వస్తోంది, దొరక్క కేసులు ఇబ్బంది పడుతున్నాయి, ఎందుకంటే గ్వాటెమాలా అనగానే ఆఫీసర్లు స్పానిష్ ఇంటర్‌ప్రెటర్‌ని పిలుస్తారు, ఎదురుగా ఉన్న మనిషేమో అర్థం కాకపోయినా భయపడి సీ, సీ అని తలూపుతుంటాడు. అలాంటి మనిషిని హిస్పానిక్ అనడం ఎంతవరకు న్యాయం అన్నది వాళ్ళలో వాళ్ళకే ఉన్న పెద్ద చర్చ.

ఈ బాక్స్ ఎక్కడి నుంచి ఊడిపడింది

ఇది తెలిస్తే ఫారం మీద ప్రశ్న అంత వంకరగా ఎందుకుందో అర్థమవుతుంది. 1930 సెన్సస్‌లో మెక్సికన్ అనేది ఒక రేస్. అదే లిస్టులో ఇంకో రేస్ ఏంటో తెలుసా, హిందూ! అంటే మనం. పంజాబ్ నుంచి వచ్చిన సిక్కు రైతుల్ని కూడా హిందూ అనే రాసుకున్నారు. అంతకు ఏడేళ్ళ ముందు, 1923లో, భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీం కోర్టు ఇండియన్లు వైట్ కాదు కాబట్టి సిటిజన్‌షిప్ ఇవ్వం అని తేల్చేసింది. మెక్సికన్ల విషయంలో మెక్సికో గవర్నమెంట్ గొడవ పెట్టింది, 1940 సెన్సస్‌కి ఆ రేస్ తీసేసి వాళ్ళని వైట్‌లో కలిపేశారు.

కాగితం మీద వైట్ అయ్యారు సరే, బయట ఏం మారింది? టెక్సస్‌లో జాక్సన్ కౌంటీలో పీట్ హెర్నాండెజ్ అనే అతని మీద మర్డర్ కేసు నడిచింది, జ్యూరీలో ఒక్క మెక్సికన్ మూలాలున్న మనిషి లేడు, ఆ మాటకొస్తే 25 ఏళ్ళుగా ఆ కౌంటీలో ఒక్కడంటే ఒక్కడు కూడా జ్యూరీలో కూర్చోలేదు, జనాభాలో మాత్రం వాళ్ళు 14 శాతం. స్టేట్ లాయర్ల వాదన ఏంటంటే మెక్సికన్లు వైటే కదా, జ్యూరీ అంతా వైటే కదా, ఇంక అన్యాయం ఎక్కడుంది అని. ఎంత తెలివో చూడండి. అప్పుడు అవతలి లాయర్లు కోర్టు ఆవరణలోనే ఉన్న మగాళ్ళ టాయిలెట్లు చూపించారు. రెండున్నాయి. ఒకదానికి బోర్డే లేదు. రెండోదాని మీద ఇంగ్లీష్‌లో కలర్డ్ మెన్ అని, దాని కింద స్పానిష్‌లో ఓంబ్రెస్ అకీ, అంటే మగవాళ్ళు ఇక్కడ అని రాసుంది. బోర్డు లేనిది ఎవరిదో, స్పానిష్ బోర్డు ఎవరి కోసమో ఇంక చెప్పక్కర్లేదు. 1954 మే 3న సుప్రీం కోర్టు హెర్నాండెజ్ వైపు తీర్పిచ్చింది. చట్టంలో వైట్ అయినా బయట వేరుగా చూస్తున్నారు కాబట్టి రాజ్యాంగం రక్షణ వీళ్ళకీ వర్తిస్తుంది అని.

దీని తర్వాత వచ్చిన సమస్య లెక్క. వివక్ష ఉందని నిరూపించాలంటే సంఖ్యలు కావాలి, అందరూ వైట్ కాలమ్‌లో కలిసిపోతే సంఖ్య ఎక్కడి నుంచి వస్తుంది. 1970లో కొంతమందికి పంపిన పెద్ద ఫారంలో మొదటిసారి దేశమంతా అడిగారు, మీది మెక్సికనా, ప్యూర్టో రికనా, క్యూబనా, సెంట్రల్ ఆర్ సౌత్ అమెరికనా అని. ఇంకేముంది, అమెరికాలోనే సెంట్రల్ రాష్ట్రాల్లో, సౌత్‌లో ఉండే మామూలు తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు లక్షల్లో మేమే కదా సెంట్రల్ ఆర్ సౌత్ అమెరికన్లం అని టిక్ కొట్టేశారు. పాపం ప్రశ్న రాసినోడు ఏమనుకున్నాడో ఏమో. 1976లో కాంగ్రెస్ ఈ జనం డేటా సేకరించాలని చట్టం చేసింది, 1977లో హిస్పానిక్ అనే పదానికి అధికారికంగా డెఫినిషన్ ఇచ్చారు, 1980 సెన్సస్‌లో ఇంటింటికీ అడిగారు. మనకి ఏషియన్ ఇండియన్ బాక్స్ వచ్చింది కూడా అదే 1980లో, 1970లో మనల్ని వైట్‌లో వేశారు. 1997లో హిస్పానిక్ పక్కన ఆర్ లాటినో అని చేర్చారు, ఎందుకంటే పశ్చిమాన కాలిఫోర్నియా వైపు చాలామందికి హిస్పానిక్ అంటే స్పెయిన్ వాసన కొడుతుందని కిట్టదు.

డెఫినిషన్‌లో ఏ రేస్ అయినా సరే అని స్పష్టంగా ఉంది. అందుకే ఇన్నాళ్ళూ ఫారంలో ముందు హిస్పానిక్ ఆర్ లాటినోనా కాదా అని విడిగా అడిగి, తర్వాత రేస్ మళ్ళీ అడిగేవాళ్ళు. చాలామంది లాటినోలకి ఆ రెండో ప్రశ్న దగ్గరే చిక్కు, నేను వైటూ కాదు బ్లాకూ కాదు ఏం కొట్టాలి అని. 2010లో వాళ్ళలో 53 శాతం వైట్ మాత్రమే అని కొడితే 2020కి అది 20 శాతానికి పడిపోయింది, ప్రశ్న డిజైన్, కోడింగ్ మార్చడం కూడా దానికి ఒక కారణం. 2020 లెక్కలో మొత్తం 6 కోట్ల 21 లక్షల మంది, అంటే దేశంలో ఐదుగురిలో దాదాపు ఒకరు. ఇంతమంది సరిగ్గా ఏ బాక్స్ కొట్టాలో తెలీక సమ్ అదర్ రేస్ కొడుతున్నారని చివరికి 2024 మార్చిలో రూల్ మార్చారు, రెండు ప్రశ్నలు కలిపి ఒకటే, హిస్పానిక్ ఆర్ లాటినో కూడా మిగతావాటి పక్కన ఒక బాక్స్, ఎన్నైనా కొట్టుకోవచ్చు.

మరి ఫారంలో మనం ఏం కొట్టాలి

జాబ్ అప్లికేషన్లలో, స్కూల్ అడ్మిషన్లలో, హాస్పిటల్లో ఇంకా పాత మోడల్ ఫారాలే ఎక్కువ కనిపిస్తాయి. తెలుగువాళ్ళయితే మొదటి ప్రశ్నకి నో, రెండో దాంట్లో ఏషియన్. విడిగా ఏషియన్ ఇండియన్ ఉంటే అది. అమెరికన్ ఇండియన్ అని ఇంకో బాక్స్ ఉంటుంది, కొత్తగా వచ్చిన మనోళ్ళు కొందరు అమెరికాలో ఉన్న ఇండియన్ అనుకుని అది కొట్టేస్తారు, అది ఇక్కడి ఆదివాసులది, కొట్టకండి. ఉద్యోగం ఫారంలో ఇదంతా స్వచ్ఛందం, చెప్పడం ఇష్టం లేదు అనే ఆప్షన్ కూడా ఉంటుంది.

ఎవరూ ప్రూఫ్ అడగరు, డీఎన్ఏ టెస్ట్ అడగరు. సెన్సస్‌లో బ్రెజిల్ వాళ్ళలాంటి కేసులు తప్ప మామూలుగా నువ్వు ఏమనుకుంటే అదే లెక్క. అలాగని స్కాలర్‌షిప్ కోసమో ఇంకోదాని కోసమో సంబంధం లేనివాళ్ళు లాటినో అని కొట్టడం సిగ్గులేని పని.

అమ్మ కొలంబియా, నాన్న గుంటూరు అయితే పిల్లలకి? హిస్పానిక్ ఆర్ లాటినో ఎస్, రేస్‌లో ఏషియన్ కొట్టి దాంతో పాటు వర్తించేవి అన్నీ కొట్టొచ్చు. ఇదేదో కొత్త సమస్య అనుకోకండి, వందేళ్ళ కిందటే కాలిఫోర్నియా ఇంపీరియల్ వ్యాలీలో పంజాబీ రైతులు మెక్సికన్ అమ్మాయిల్ని పెళ్ళి చేసుకున్నారు. అప్పట్లో వేరే రేస్ వాళ్ళని చేసుకోకూడదని చట్టం, కౌంటీ క్లర్క్ ఇద్దరి రంగు చూసి ఇద్దరూ బ్రౌనే కదా అని లైసెన్స్ ఇచ్చేసేవాడు. వాళ్ళ పిల్లలకి ముందు స్పానిష్ పేరు, వెనక సింగ్. ఇంట్లో రోటీ, టోర్టియా రెండూ.

మాట్లాడేటప్పుడు

ఎదురుగా ఉన్న మనిషి దేశం తెలిస్తే దేశం పేరే వాడండి. మెక్సికన్, సాల్వడోరన్, పెరూవియన్, క్యూబన్. నూటికి తొంభై సార్లు ఇదే సేఫ్, వాళ్ళూ తమ గురించి చెప్పుకునేటప్పుడు ఎక్కువగా ముందు దేశమే చెప్పుకుంటారు. మొత్తం గ్రూప్ గురించి మాట్లాడుతుంటే లాటినో గానీ హిస్పానిక్ గానీ ఏదైనా పర్లేదు, టెక్సస్‌లో హిస్పానిక్ ఎక్కువ వినపడుతుంది, కాలిఫోర్నియాలో లాటినో. దేశం తెలీకపోతే మీ ఫ్యామిలీ ఎక్కడి నుంచి అని అడగొచ్చు, కానీ పరిచయం అయిన మొదటి నిమిషంలోనే కాదు. వేర్ ఆర్ యూ రియల్లీ ఫ్రమ్ అని ఎవరన్నా మనల్ని అడిగితే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ప్యూర్టో రికో వాళ్ళని వీసా ఏంటి, గ్రీన్ కార్డ్ వచ్చిందా అని అడక్కండి. 1898లో ఆ దీవి అమెరికా చేతికొచ్చింది, 1917 నుంచి వాళ్ళు పుట్టుకతో అమెరికా సిటిజన్లు. ఫ్లోరిడాకో న్యూయార్క్‌కో రావడానికి వాళ్ళకి పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదు. అలాగే టెక్సస్, న్యూ మెక్సికో వైపు ఉండే కొన్ని కుటుంబాలు అసలు వలసే రాలేదు. 1848లో యుద్ధం ఓడిపోయి మెక్సికో దాదాపు సగం దేశం అమెరికాకి రాసిచ్చింది, కాలిఫోర్నియా, నెవాడా, యూటా అన్నీ అందులోవే, అప్పటికే అక్కడ ఉన్న జనం ఇంట్లో కూర్చునే దేశం మారిపోయారు. మేం బోర్డర్ దాటలేదు, బోర్డరే మమ్మల్ని దాటింది అని వాళ్ళు అనేది అందుకే. అంటే హెచ్1బీ మీద నిన్నగాక మొన్న దిగిన మనం, ఎనిమిది తరాలుగా అక్కడే ఉన్న మనిషిని ఎప్పుడొచ్చావు అని అడుగుతున్నామన్నమాట.

అందర్నీ ఒకే గాటన కట్టేయడం రాజకీయాల్లో కూడా పనికిరాదు. లాటినో ఓటు అని టీవీలో ఊదరగొడతారు గానీ 1959లో క్యాస్ట్రో వచ్చాక ఆస్తులు వదిలేసి మయామీ పారిపోయి వచ్చిన క్యూబన్ కుటుంబానికి, 1980లలో అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సాల్వడోరన్ కుటుంబానికి, కాలిఫోర్నియా తోటల్లో సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్తా వెనక నడిచిన కూలీ కుటుంబానికి రాజకీయాలు ఒకటి ఎందుకవుతాయి? రిపబ్లికన్ మార్కో రూబియో, డెమోక్రాట్ అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ ఇద్దరూ లాటినోలే, ఇద్దరూ ఒక్క విషయం మీద కలిసి నవ్వుతూ ఫోటో దిగితే చూడాలని ఉంది.

కొన్ని పేర్లు వాళ్ళవి వాళ్ళకే వదిలేయండి. చికానో అంటే 1960లలో హక్కుల కోసం పోరాడిన మెక్సికన్ అమెరికన్లు గర్వంగా పెట్టుకున్న పేరు, అంతకు ముందు అది తిట్టు, ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళకి నచ్చదు. బోరిక్వా అంటే ప్యూర్టో రికో వాళ్ళు, టికో అంటే కోస్టా రికా వాళ్ళు. వాళ్ళు అంటే ముద్దు, మనం అంటే ఎబ్బెట్టు. స్పానిష్ పీపుల్ అనకండి, అది స్పెయిన్ వాళ్ళది, న్యూయార్క్‌లో పాతకాలం వాళ్ళు తమని తామే స్పానిష్ అని చెప్పుకోవడం వింటారు గానీ అది వాళ్ళ అలవాటు. ఇల్లీగల్స్ అనే మాట, మనోళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తెగ వాడతారు, దాని గురించి ఎక్కువ చెప్పను గానీ డాక్యుమెంట్లు లేనివాళ్ళలో ఇండియన్లు కూడా లక్షల్లో ఉన్నారని ఒకసారి గుర్తు తెచ్చుకుంటే చాలు.

లాటినెక్స్ సంగతి. స్పానిష్‌లో ప్రతి నామవాచకానికీ ఆడా మగా ఉంటుంది, లాటినోస్ అంటే మగవాళ్ళు లేదా అందరూ కలిసి. ఆడా మగా అని విడదీయకుండా ఉండాలని యూనివర్సిటీల వైపు లాటినెక్స్ మొదలైంది. సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సంస్థ వాళ్ళు 2019 చివర్లో లాటినోలని అడిగితే ఆ మాట విన్నవాళ్ళు 23 శాతం, వాడేవాళ్ళు 3 శాతం. 2023లో అడిగితే విన్నవాళ్ళు 47 శాతానికి పెరిగారు, వాడేవాళ్ళు మాత్రం 4 దగ్గరే ఆగారు. స్పానిష్ నోటికి ఆ ఎక్స్ తిరగదు, అందుకే కొందరు లతీనే అంటున్నారు. నా సలహా అడిగితే, ఎవరైనా తమ గురించి అలా చెప్పుకుంటే మీరూ అలాగే అనండి, మీ అంతట మీరు మొదలెట్టకండి.

ఇంకోటి, లాటినో అనగానే ఓలా, కోమో ఎస్తాస్ అంటూ డుయోలింగో స్పానిష్ వాళ్ళ మీద రుద్దకండి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకి చాలామందికి స్పానిష్ సరిగా రాదు. ప్యూ 2023 రిపోర్ట్‌లో పెద్దవాళ్ళలోనే 24 శాతం మంది స్పానిష్‌లో కొంచెం తప్ప మాట్లాడలేమన్నారు, 78 శాతం మంది లాటినో అవ్వడానికి స్పానిష్ రావాల్సిన పని లేదన్నారు. ఆ రానివాళ్ళని సొంత చుట్టాలే నో సాబో పిల్లలు అని ఏడిపిస్తారు, అంటే నాకు తెలీదు అనే మాటని కూడా తప్పుగా పలికేవాళ్ళు అని. ఆ ఉక్రోషంలో ఉన్న కుర్రాడి దగ్గరికి పోయి మీరు స్పానిష్ మొదలెడితే ఏం బావుంటుంది.

పేర్లు

మరియా లోపెజ్ గార్సియా అని ఉంటే లోపెజ్ నాన్నగారి వైపు, గార్సియా అమ్మ వైపు. ఒకటే వాడాల్సి వస్తే లోపెజ్, గార్సియా కాదు. అమెరికా సిస్టమ్‌లు చివరి ముక్క లాస్ట్ నేమ్ అనుకుని గార్సియా పట్టుకుంటాయి, లోపెజ్‌ని మిడిల్ నేమ్‌లో తోసేస్తాయి, ఇంటిపేరు ముందుండే మనకి ఈ బాధ వేరే చెప్పాలా. బ్రెజిల్‌లో మామూలుగా అమ్మ పేరు ముందు, నాన్న పేరు చివర. స్పానిష్ దేశాల్లో పెళ్ళయ్యాక ఆడవాళ్ళు మామూలుగా ఇంటిపేరు మార్చుకోరు, కాబట్టి మొగుడూ పెళ్ళాం పేర్లు వేరుగా ఉన్నాయని ఆరా తీయకండి. ఇంగ్లీష్ జే కనపడితే హ అని పలకాలి, హోసే, హావియర్, అదే బ్రెజిల్ మనిషైతే జే జే లాగే ఉంటుంది. మెక్సికోలోని మోంటెర్రే, గ్వాదలహారా ఆఫీసుల టీమ్‌తో కాల్స్‌లో ఉండే ఐటీ వాళ్ళకి ఇది రోజూ పనికొస్తుంది. అన్నట్టు అక్కడి టీమ్‌ని యూ లాటినోస్ అనకండి, మెక్సికోలో కూర్చున్న మనిషి మెక్సికనే, లాటినో అనే బోర్డు ఎక్కువగా అమెరికా బోర్డర్ దాటాక తగిలించేది.

సెప్టెంబర్ వస్తే

హిస్పానిక్ హెరిటేజ్ మంత్ అని ఆఫీసులో మెయిల్ వస్తుంది, సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15. నెల మధ్యలో మొదలవ్వడం ఏంటి అనుకుంటే, 1821 సెప్టెంబర్ 15న గ్వాటెమాలా, ఎల్ సాల్వడోర్, హోండురాస్, నికరాగ్వా, కోస్టా రికా ఐదూ ఒకేసారి స్వతంత్రం ప్రకటించాయి, మర్నాడు మెక్సికో దినం, 18న చిలీది. సింకో డి మాయో మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు, 1862 మే 5న పుయెబ్లాలో ఫ్రెంచ్ సైన్యాన్ని ఓడించిన రోజు, మెక్సికోలో కంటే అమెరికా బార్లలోనే హడావుడి ఎక్కువ.

పాట్‌లక్ పెడితే అందర్నీ టాకోలు తెమ్మనకండి. సాల్వడోర్ ఆవిడైతే పుపూసాలు చేస్తుంది, మొక్కజొన్న పిండిలో చీజో బీన్సో పెట్టి పెనం మీద కాల్చినవి, పక్కన పుల్లటి క్యాబేజీ. కొలంబియా, వెనెజువెలా వాళ్ళయితే అరెపా, అంటే మొక్కజొన్న రొట్టె. పెరూ వాళ్ళైతే నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి చేప, మనోళ్ళు కొందరు దాని దరిదాపుల్లోకి రారు గానీ ఒకసారి తిని చూడండి. మిరపకాయ, టమాటా, జామ, బొప్పాయి, సీతాఫలం అన్నీ ఆ ఖండం నుంచి పోర్చుగీస్ ఓడల కాలంలో మన దాకా వచ్చినవే, కాబట్టి కారం అందరికీ కామన్ అనుకుంటారు. కాదు, అది మెక్సికో దగ్గరే ఎక్కువ, కొలంబియా వంట చప్పగా ఉంటుంది. అరెపా తినేటప్పుడు జేబులో ఒక పచ్చిమిరపకాయ వేసుకెళ్ళండి, ఆవిడ ఏమీ అనుకోదు.